అమెరికా ఇంటికి ఓపేర్ వస్తోందా?

అమ్మాయి కాన్పుకని అమెరికా వెళ్ళారు. పథ్యం వండిపెట్టారు, పసిదానికి నలుగుపెట్టి నీళ్ళు పోశారు, సాంబ్రాణి పొగ వెయ్యబోతే పైన స్మోక్ అలారం కెవ్వుమంటే బెదిరిపోయి మానేశారు. చూస్తూండగానే ఆరు నెలలూ అయిపోయాయి. తిరుగు టికెట్ చేతిలో ఉంది. మీరు విమానం ఎక్కాక ఆ పసిదాన్ని చూసేదెవరు?

వియ్యపురాలు వచ్చి మరికొన్ని నెలలు ఉంటుంది, నిజమే. ఆ తర్వాత? డే కేర్‌లో వేద్దామంటే పొద్దున్నే దింపాలి, సాయంత్రం చెప్పిన వేళకు తెచ్చుకోవాలి. పిల్లకి కాస్త ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, వచ్చి తీసుకుపొమ్మని ఫోను. ఇద్దరు పిల్లలయితే ఆ ఖర్చు ఒకరి జీతాన్ని మింగేస్తుంది. అలాంటి ఇళ్ళల్లో భార్యాభర్తలు కూర్చుని లెక్కలు వేసుకునేటప్పుడు వినిపించే మాట ఒకటుంది. ఓపేర్.

మన చెవికి అది "ఓ పేరు" అన్నట్టు వినిపిస్తుంది గానీ, ఫ్రెంచి మాట. "సమానంగా" అని అర్థం. వేరే దేశం నుంచి ఒక యువతి వచ్చి మీ ఇంట్లోనే ఉండి, మీతోపాటే తిని, మీ పిల్లల్ని చూస్తుంది. మీరు తనకు గది, భోజనం, వారం వారం చేతిఖర్చుకు డబ్బు ఇస్తారు. ఆ దేశం భాషా, బతుకూ నేర్చుకుని వెళ్ళడం తనకు లాభం. యూరప్‌లో ఇది పాత పద్ధతే. 1969లో స్ట్రాస్‌బర్గ్‌లో దీనిమీద కొన్ని దేశాలు ఒప్పందం కూడా రాసుకున్నాయి. అమెరికాలో 1986లో మొదలైంది. అక్కడికి వచ్చేవాళ్ళ వయసు 18 నుంచి 26. బ్రెజిల్, కొలంబియా, మెక్సికో, జర్మనీ, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్ లాంటి దేశాల నుంచి వస్తారు. మగపిల్లలూ వస్తారు గానీ తక్కువ.

ఆశ పెట్టుకునే ముందే ఒక సంగతి. అమెరికాలో ఓపేర్‌ని పిలిపించుకోవాలంటే ఆ ఇంటి తల్లిదండ్రులు అక్కడి పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళో అయ్యుండాలి. హెచ్-1 వీసా మీద ఉన్నవాళ్ళకు కుదరదు. ప్రభుత్వం గుర్తించిన ఏజెన్సీ ద్వారానే రావాలి. ఆ ఏజెన్సీ వాళ్ళు ఇంటికొచ్చి గది చూస్తారు, ఇంట్లో వాళ్ళతో మాట్లాడతారు, మీమీద పోలీసు కేసులేమైనా ఉన్నాయా అని కూడా ఆరా తీస్తారు. చిన్నబుచ్చుకోకండి. తన కూతుర్ని ఖండాలు దాటించి పంపుతున్న తల్లి ఒకతె అవతల ఉందిగా!

జర్మనీలో ఉన్న మనవాళ్ళకైతే ఇంకో తిరకాసు. ఇంట్లో జర్మన్ మాట్లాడాలి. అది మీ మాతృభాష కాకపోతే, మీ సొంత దేశం నుంచి ఓపేర్ రావడానికి వీల్లేదు. అంటే మన ఊరి నుంచి ఎవరి అమ్మాయినో "ఓపేర్" అని రాయించి పనికి తెచ్చుకుందామంటే ఆ పప్పులు అక్కడ ఉడకవు.

ఇంట్లో మనిషే కదా!

ఏజెన్సీ కాగితాల్లో "కుటుంబ సభ్యురాలిలా" అని ఉంటుంది. ఆ మాట చూడగానే మనకు భలే సంతోషం. మనకది కొత్తా? "ఇంట్లో పిల్లలా చూసుకుంటాం" అనే మాట మన ఊళ్ళలో ఎన్ని గడపల్లో విన్నాం! అలా అంటూనే పదేళ్ళ పిల్లని తెచ్చి అంట్లు తోమించిన ఇళ్ళూ మనవే. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబరులో ప్రభుత్వం నిషేధం పెడితే గానీ కొందరికి అది తప్పని తోచలేదు. "ఇంట్లో మనిషి" అన్న మాటలో ప్రేమ ఎంత ఉందో, ఆ మాట చాటున అడగని పని చేయించుకునే వీలూ అంతే ఉంది. కూతురయితే "ఇవాళ నా వల్ల కాదమ్మా" అని మంచమెక్కుతుంది. ఈ అమ్మాయి అనలేదు. తను ఆ దేశంలో ఉండటానికి వీసాయే ఈ పనిమీద ఉంది.

అందుకే అక్కడి నిబంధనలు గడియారం పెట్టి మరీ చెప్తాయి. రోజుకు 10 గంటలు, వారానికి 45 గంటలు మించకూడదు. వారంలో ఒకటిన్నర రోజు సెలవు. నెలకోసారి శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా పూర్తిగా సెలవు. ఏడాదికి రెండు వారాలు డబ్బుతో కూడిన సెలవు. తన చదువుకు 500 డాలర్లదాకా మీరే కట్టాలి, కాలేజీకి వెళ్ళే తీరిక ఇవ్వాలి.

పాప నిద్రపోతోంది కదా, ఆ రెండు గంటలూ లెక్కలోకి రావనుకుంటారేమో. వస్తాయి. పాపను తనమీద వదిలి మీరు బజారుకెళ్ళినంతసేపూ తను పనిలో ఉన్నట్టే. మొదటి రోజునే ఒక కాగితం మీద వేళలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఉదాహరణకు పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, పిల్లలు బడినుంచి వచ్చాక మూడు నుంచి ఎనిమిది. అలా అయిదు రోజులకు 35 గంటలు. ఆలుమగలిద్దరూ శనివారం సాయంత్రం సినిమాకో, భోజనానికో వెళ్తే ఇంకో నాలుగు. 39. ఇంకా ఆరు గంటలు చేతిలో ఉంటాయి. ఆఫీసులో ఆలస్యమయ్యే రోజులకు అవి పనికొస్తాయి. వాటిని ముందే వాడేసుకోకండి.

ఇక ఏ పని? పిల్లల పని. పిల్లల బట్టలు ఉతకడం, పిల్లలకు వండిపెట్టడం, వాళ్ళ గది సర్దడం, బడికి దింపడం. అంతే. మీ బట్టల మడతలూ, అందరి అంట్లూ, బాత్‌రూములూ తన లెక్కలో లేవు. తను తిన్న పళ్ళెం తను కడుక్కోవడం ఇంట్లో మనిషిగా మర్యాద. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన నలభైమంది అంట్లు తోమడం ఇంట్లో మనిషిగా మర్యాద కాదు. అలాగే "మా ఫ్రెండు వాళ్ళింట్లో బర్త్‌డే, కాస్త పంపించవూ" అంటే పంపించడానికి తను మీ గ్రైండరు కాదు. మామగారికి మందులివ్వడం, అత్తగారిని గుడికి తీసుకెళ్ళడం కూడా తన పని కాదు. ఆరోజు తనంతట తను "నేనూ వస్తాను" అంటే ఆనందంగా తీసుకెళ్ళండి, అది వేరు.

డబ్బు సంగతి. అమెరికా కేంద్ర కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 45 గంటలకు లెక్కకట్టి, గదికీ భోజనానికీ నూటికి 40 వంతులు తగ్గించి, వారానికి కనీసం 195 డాలర్ల 75 సెంట్లు అని లెక్క. 2009 నుంచి వస్తున్న అంకె ఇది. ఇది "కనీసం" మాత్రమే, ఇంతకంటే ఇవ్వకూడదని కాదు. చాలా ఏళ్ళు ఏజెన్సీలు ఇదే ఖాయమైన జీతమన్నట్టు చెప్పుకొచ్చాయి. కొందరు ఓపేర్లు 2014లో కొలరాడోలో కోర్టుకెక్కారు. 2019లో ఏజెన్సీలు 6 కోట్ల 55 లక్షల డాలర్లు ఇస్తామని రాజీకొచ్చాయి. అదే ఏడాది చివర మసాచుసెట్స్ విషయంలో ఇంకో తీర్పు వచ్చింది. ఆ రాష్ట్రంలో ఇంటిపని చేసేవాళ్ళకున్న చట్టాలన్నీ ఓపేర్లకూ వర్తిస్తాయని, రాష్ట్రపు కనీస వేతనమే ఇవ్వాలని. కనుక బోస్టన్‌లో ఉన్న మీ అమ్మాయి లెక్కా, డాలస్‌లో ఉన్న మీ మేనకోడలి లెక్కా ఒకటి కాదు. ఏజెన్సీ రుసుము వేలల్లో ఉంటుంది, కారు ఇన్సూరెన్సులో తన పేరు చేర్చాలి, ఫోను ఖర్చుంది. ఒక్క పిల్లకైతే డే కేరే చవకేమో చూసుకోండి. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఇది కలిసొస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "పాస్‌పోర్ట్ జాగ్రత్తగా లాకర్లో పెడతాను, ఇలా ఇవ్వమ్మా" అని అనకండి. మీరు మంచి ఉద్దేశంతోనే అన్నా, పరాయి దేశంలో ఉన్న పిల్లకు ఆ మాట గుండెల్లో రాయి పడినట్టుంటుంది. పాస్‌పోర్ట్ తనది, తన సొరుగులోనే ఉండాలి.

తలుపున్న గది

తనకు విడిగా గది ఇవ్వాలి. పాపతో కలిపి కాదు, హాల్లో సోఫా కాదు. తలుపు ఉండాలి, ఆ తలుపు తట్టి మరీ వెళ్ళాలి. ఇది రాసినంత తేలిక కాదు. మన ఇళ్ళల్లో తలుపు తట్టే అలవాటు మనకెక్కడుంది? "ఏం చేస్తున్నావే" అంటూ తోసుకుని వెళ్ళిపోతాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారు సెలవురోజు పదింటిదాకా తలుపు తియ్యని పిల్లను చూసి "ఒంట్లో బాగాలేదేమో" అని కంగారుపడి లోపలికెళ్ళిపోతారు. అమ్మమ్మగారూ, ఆ పిల్ల నిద్రపోతోంది. సెలవు తనది.

ఇంకా ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు "నీ గది నాలుగు నెలలు వాళ్ళకిచ్చి నువ్వు బేస్‌మెంట్‌లో సర్దుకో" అనడానికి లేదు. గదులు తక్కువైతే ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

తను వచ్చిన మొదటి మూడు రోజులూ తల్లో, తండ్రో, ఇంకెవరైనా బాధ్యత గల పెద్దవాళ్ళో ఇంట్లో ఉండి తీరాలి. ఇక్కడే మీలాంటి అమ్మమ్మల విలువ తెలుస్తుంది. మీరు తిరిగొచ్చే తేదీకి ఓ రెండు వారాల ముందు తను వచ్చేటట్టు చూసుకుంటే, పాప ఏ పాటకు నిద్రపోతుందో, ఏ ఏడుపుకు ఏమర్థమో మీ దగ్గర నేర్చుకుంటుంది. మూడు నెలలు నిండని పసిపాపను ఓపేర్ చేతిలో ఒంటరిగా వదలకూడదనే నిబంధన ఎలాగూ ఉంది. రెండేళ్ళలోపు పిల్లలున్న ఇంటికైతే అంత చిన్నపిల్లల్ని కనీసం 200 గంటలు చూసిన అనుభవం ఉన్న అమ్మాయినే పంపుతారు.

ఏమని పిలవాలన్నది ఇంకో చిక్కు. పిల్లలచేత "అక్కా" అనిపించండి, తనకు అర్థం చెప్పండి, మురిసిపోతుంది. తను మాత్రం మీ అమ్మాయిని పేరు పెట్టే పిలుస్తుంది. అల్లుణ్ణీ అంతే. మీకు చివుక్కుమంటుంది. పోనివ్వండి. వాళ్ళ ఊళ్ళో అది అమర్యాద కాదు. అన్నట్టు, తన పేరు సరిగ్గా పలకడం మీరూ నేర్చుకోండి.

పోపు వాసనా, అన్నం బీన్సూ

గొడవలు ఎక్కువగా పుట్టేది వంటింట్లోనే. మీది శాకాహారుల ఇల్లయితే ఆ సంగతి ఫోనులో ఇంటర్వ్యూ చేసేటప్పుడే చెప్పాలి. "ఇంట్లో గుడ్డు వండుకోవచ్చా? మాంసం తెచ్చుకోవచ్చా?" అనే రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబివ్వండి. వచ్చాక ఫ్రిజ్ తెరిచి గుండె బాదుకుంటే లాభం లేదు. వండుకోవచ్చంటే తనకో పెనం, ఓ గిన్నె, ఫ్రిజ్‌లో ఒక అర విడిగా ఇచ్చేస్తే సగం తగాదాలు తీరతాయి. వద్దంటే "బయట తిని రావడం నీ ఇష్టం" అని కూడా అప్పుడే చెప్పండి. పూజ గది దగ్గర చెప్పులు విప్పాలనీ, దీపం దగ్గరికి పాపను పోనివ్వొద్దనీ చెప్తే చాలు. తన నెలసరి లెక్కలు మనకొద్దు.

తను దిగిన రోజు నోరూరేలా గుత్తివంకాయా, గోంగూరా చెయ్యాలని మీకుంటుంది. ఆగండి. కారం అలవాటులేని నోరది, ప్రయాణపు బడలిక ఒకటి. మెత్తటి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, మిరియాలు మాత్రం వేసిన బంగాళదుంప వేపుడు, పెరుగు. అంతకంటే మంచి స్వాగతం లేదు. బ్రెజిల్ పిల్లయితే మరీ హాయిగా తింటుంది. వాళ్ళకు రోజూ అన్నమే, అందులోకి ఉడికించిన బీన్సు. మన పప్పన్నానికి వేలువిడిచిన చుట్టమన్నమాట! వాళ్ళు టిఫిన్‌గా తినే చీజ్ ఉండలు కర్రపెండలం పిండితో చేస్తారు. మన సగ్గుబియ్యం చేసేదీ ఆ దుంపతోనే. కొలంబియా పిల్ల మొక్కజొన్న పిండితో రొట్టెలు కాలుస్తుంది. అరెపా అంటారు. మన వెల్లుల్లి కారంతో అవి ఎంత బావుంటాయో! జర్మనీ పిల్ల మాత్రం రాత్రి పూట రొట్టె, చీజ్ చల్లచల్లగా తిని లేచిపోతుంది. "అయ్యో, పస్తు పడుకుంటోంది" అని మీరు వెంటపడి దోసెలు వెయ్యక్కర్లేదు. వాళ్ళిళ్ళల్లో రాత్రి భోజనమే అది.

వారానికో రోజు వంట తనకొదిలితే సరదాగా ఉంటుంది. అయితే తను "చేస్తా" అన్న రోజునే సుమా. అది వేళలు రాసిన కాగితంలోకి చేరిందంటే సరదా పోయి డ్యూటీ అవుతుంది.

ఒక పాప, ఇద్దరి మాట

మీరు గోరుముద్దలు చేసి, కిటికీలోంచి కార్లు చూపిస్తూ, పాప వెనకాల గదులన్నీ తిరుగుతూ అన్నం పెడతారు. తను పాపని ఎత్తుకుర్చీలో కూర్చోబెట్టి ముందర పళ్ళెం పెట్టి, ఎంత తింటే అంత, మిగిలింది తీసేస్తుంది. మీ కడుపు తరుక్కుపోతుంది. నన్నడిగితే రెండు పద్ధతుల్లోనూ పిల్లలు పెరిగారు, పెరుగుతారు. పాపకు మాత్రం ఒకే పూట రెండు చట్టాలుండకూడదు. తన పని వేళల్లో తన పద్ధతి, మీ వేళల్లో మీ పద్ధతి అని పెట్టుకోండి.

కొన్ని విషయాల్లో మాత్రం పద్ధతుల మాటే లేదు, ప్రాణాల సంగతి. ఏడాది నిండని పాపకు తేనె నాకించకూడదు. అందులో ఉండగల ఒక క్రిమి పసివాళ్ళ నరాలను దెబ్బతీసే జబ్బు తెస్తుంది. పసిపాపను వెల్లకిలా పడుకోబెట్టాలి, తొట్టిలో దిండ్లూ దుప్పట్లూ బొమ్మలూ ఉండకూడదు. నాలుగేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ పలుకులు, జీడిపప్పు బద్దలు చేతికివ్వకూడదు, గొంతుకడ్డం పడతాయి. ఆ అమ్మాయికి పనిలో చేరేముందు ఇచ్చే 32 గంటల శిక్షణలో 8 గంటలు పిల్లల భద్రత గురించే. కాబట్టి తను "వద్దు" అంటే "నేను ముగ్గుర్ని పెంచాను" అని కసరకండి. ఇక్కడ తను చెప్పేదే రైటు.

ఇక తల్లి సంగతి. బయటికి ఎవరూ చెప్పుకోరు గానీ ఒక రోజు వస్తుంది. ఆఫీసునుంచి పరుగెత్తుకొచ్చిన తల్లి చేతులు చాపితే, పాప మొహం తిప్పుకుని ఓపేర్ మెడ పట్టుకుంటుంది. ఆ రాత్రి తల్లి అన్నం తినదు. మర్నాటి నుంచి తనకు తెలియకుండానే ఆ అమ్మాయిలో తప్పులు వెతుకుతుంది. పాలసీసా సరిగ్గా కడగలేదు, ఫోను ఎక్కువ చూస్తోంది, ఇంకేదో. మీ అమ్మాయి ఫోనులో ఇవన్నీ ఏకరువు పెట్టినప్పుడు మీరు వంత పాడకండి. "పాప దానికంతగా అలవాటైందంటే బాగా చూస్తోందన్నమాటేగా?" అని ఒక్క మాట అనండి. స్నానం, నిద్ర, ఈ రెండిట్లో ఒకటి తల్లే చెయ్యాలి, ఎంత అలసిపోయినా సరే. ఆ ఒక్క అరగంట తనకు వదిలేస్తే ఆ అసూయ చాలావరకు చల్లబడుతుంది.

నిజంగానే తప్పులుంటే? మీకు గంటలోపు ప్రయాణ దూరంలో ఏజెన్సీ ప్రతినిధి ఒకరుంటారు, నెలనెలా పలకరిస్తారు. మనసులో పెట్టుకుని కుమిలేకంటే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవడం మేలు. కుదరకపోతే "రీమ్యాచ్" ఉంది. తనకు వేరే ఇల్లు, మీకు వేరే అమ్మాయి. దానికి సాధారణంగా రెండు వారాల గడువుంటుంది. ఆ రెండు వారాలూ తన మీద అరవకండి. మీకు పోయేది కొంత వీలు. తనకు ఇల్లు దొరక్కపోతే తిరుగు విమానమే.

అంతా బాగా జరిగినా ఏడాదికి వెళ్ళిపోతుంది. ఇష్టపడితే ఇంకో ఆరో, తొమ్మిదో, పన్నెండో నెలలు పొడిగించుకోవచ్చు. ఆపైన ఉండదు. పిల్లలకు ముందునుంచే చెప్పి ఉంచండి. క్యాలెండరు మీద చూపించండి, తన దేశం ఎక్కడుందో గోళం మీద వెతికించండి. నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా వెళ్ళిపోతే ఏడుపుండదని కొందరు చేస్తారు. అది మాత్రం వద్దు. లేచి గది గదికీ వెతుక్కునే పిల్ల ఏడుపు అంతకంటే ఘోరం.

వెళ్ళేటప్పుడు చీర పెట్టాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. పెట్టండి. కానీ ఒక కొలత తీసుకుని జాకెట్టు కుట్టించి, లంగా జతచేసి, కట్టడం ఒకసారి మీరే దగ్గరుండి నేర్పి, ఫోటో తీసి మరీ పంపండి. లేకపోతే మీ వెంకటగిరి చీర బ్రెజిల్‌లో కిటికీకి తెరై వేలాడుతుంది. ఆవకాయ సీసా మాత్రం వద్దు, దారిలో పగిలిందంటే చీరా పోతుంది, పెట్టెలో బట్టలన్నీ పోతాయి.